పాత ల్యాండ్‌లైన్ తీసి ఫైబర్ ఫోన్ పెట్టించుకుంటున్నారా? ముందు ఇవి చూసుకోండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మళ్లీ మళ్లీ వస్తున్న ప్రశ్న ఇది: "ఇంట్లో పాత ల్యాండ్‌లైన్ ఉంది. తీసేసి ఫైబర్ పెట్టుకోమంటున్నారు. పెట్టుకోవచ్చా? నంబరు పోతుందా? కరెంటు పోతే మోగుతుందా?" అడిగేవాళ్లలో ఎక్కువమంది హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకుంటున్న పిల్లలు. ఫోన్ మాత్రం ఊళ్లో అమ్మానాన్నల దగ్గర ఉంటుంది. సెల్‌ఫోన్ ఉన్నా, చెవి సరిగా వినపడని పెద్దవాళ్లకి ఆ టేబుల్ ఫోనే అలవాటు. అందుకే ఈ మార్పు దగ్గర కాస్త జాగ్రత్త పడాలి.

పెట్టుకోవచ్చు. మాట స్పష్టంగా వినిపిస్తుంది, వాన పడితే గరగర ఉండదు, నెట్ కూడా వస్తుంది. కానీ కరెంటు ఏర్పాటు మాత్రం మీదే.

పాత రాగి తీగ లైనులో ఫోనుకి కావలసిన కరెంటు, సుమారు 48 వోల్టులు, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలోని బ్యాటరీల నుంచి ఆ తీగలోనే వచ్చేది. వీధంతా చీకటైనా రిసీవర్ ఎత్తితే డయల్ టోన్ వినిపించడానికి కారణం అదే. ఫైబర్ అంటే గాజు పోగు. అందులో వెలుగు వెళ్తుంది కానీ కరెంటు వెళ్లదు. ఆ వెలుగును మాటగా మార్చే బాక్సు మీ గోడకు ఉంటుంది, దానికి కరెంటు మీ ప్లగ్ నుంచే అందాలి. ప్లగ్‌లో కరెంటు లేకపోతే మీ ఫోన్ మూగ.

మన జిల్లాల్లో ఇది చిన్న విషయం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాన్లు వచ్చినప్పుడు కరెంటు ఎన్నాళ్లు లేదో ఇక్కడి వాళ్లకు చెప్పక్కర్లేదు. తిత్లీ తీరం దాటింది పలాస దగ్గరే. ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ నేలకూలాయి. అలాంటప్పుడు రాగి తీగలు కూడా తెగుతాయి, అది వేరే సంగతి. కానీ మామూలు రోజు సాయంత్రం రెండు గంటలు కరెంటు పోయినా పాత ఫోన్ మోగేది. ఆ పాటి ధైర్యం కొత్త ఫోనుకి కూడా ఉండేలా చూసుకోవాలి.

దగ్గర ఉంచుకోవలసినవి

- తీగ ఉన్న మామూలు టేబుల్ ఫోన్ ఒకటి. కార్డ్‌లెస్ ఒక్కటే ఉంటే చాలదు. దాని బేస్‌కి విడిగా కరెంటు కావాలి.
- 12 వోల్టుల మినీ యూపీఎస్, అంటే కరెంటు పోయినా ఫైబర్ బాక్సును నడిపే చిన్న బ్యాటరీ. రౌటర్ యూపీఎస్ అని అడిగితే షాపులో ఇస్తారు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది కూడా పనికొస్తుంది.
- ఫోన్ నుంచి ఫైబర్ బాక్సుకి సరిపడా పొడవున్న టెలిఫోన్ వైరు, రెండు వైపులా చిన్న పిన్నులతో.
- పాత కనెక్షన్ బిల్లు, డిపాజిట్ రసీదు ఉంటే అది, కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ల ఆధార్. నాన్నగారి పేరు మీదో తాతగారి పేరు మీదో ఉండి ఆయన ఇప్పుడు లేకపోతే, పేరు మార్పు ముందే పెట్టుకోండి. నంబరు నిలుపుకోవడం దగ్గర చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు.
- స్క్రూడ్రైవర్, ఇన్సులేషన్ టేపు.

1. నంబరు సంగతి ముందే తేల్చుకోండి

సెల్‌ఫోన్ నంబరు మారకుండా కంపెనీ మార్చుకునే సదుపాయం ఉంది కదా అని ల్యాండ్‌లైన్‌కి కూడా అలాగే అనుకుంటారు. మన దేశంలో ఆ సదుపాయం మొబైల్‌కి మాత్రమే ఉంది. బీఎస్‌ఎన్‌ఎల్ పాత నంబరు జియోలోకో ఎయిర్‌టెల్‌లోకో రాదు. అదే నంబరు కావాలంటే బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్‌కే మారాలి. అప్పుడు కూడా దరఖాస్తులో "పాత నంబరే ఉంచాలి" అని రాయించండి. నోటిమాటగా చెప్పి వదిలేస్తే కొత్త నంబరు వచ్చి కూర్చునే అవకాశం ఉంది.

వేరే కంపెనీకి వెళ్తుంటే పాత లైను వెంటనే కట్ చేయించకండి. కనీసం ఒక నెల రెండూ ఉంచండి. ఆ నెలలో బ్యాంకులో, గ్యాస్ ఏజెన్సీలో, పెన్షన్ కాగితాల్లో పాత నంబరు ఎక్కడెక్కడ ఉందో చూసి మార్పించండి. ఒక నెల అద్దె దండగ అనిపించవచ్చు. పెద్దవాళ్లకు ఫోన్ చేసే చుట్టాలందరికీ కొత్త నంబరు చేరడానికి ఆ మాత్రం సమయం పడుతుంది.

2. కేబుల్ వేసే వాళ్లను ఈ రెండు ప్రశ్నలు అడగండి

మొదటిది: "కరెంటు పోతే మీ వైపు బ్యాకప్ ఎంతసేపు ఉంటుంది?" మీ ఇంట్లో బాక్సు వెలుగుతూనే ఉన్నా అటువైపు పరికరం ఆగిపోతే ఫోన్ రాదు. అది ఎక్స్ఛేంజీలో ఉంటే సాధారణంగా బ్యాటరీలు, జనరేటర్ ఉంటాయి. వీధి చివర ఏదో గదిలో పెట్టి ఉంటే మాత్రం గట్టిగా అడగండి. జవాబు తడబడితే అదే వీధిలో కనెక్షన్ ఉన్న ఇంట్లో కనుక్కోండి.

రెండోది: "ఫోన్ పోర్టు ఉన్న బాక్సే ఇస్తున్నారా?" నెట్ మాత్రమే ఇచ్చే బాక్సులు కూడా ఉన్నాయి. వాటికి టేబుల్ ఫోన్ తగిలించే చోటే ఉండదు.

ఫైబర్ స్తంభాల మీద వస్తుందా, భూమిలోంచి వస్తుందా అన్నది కూడా చూడండి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్ చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే వేశారు. స్తంభం పడితే రెండూ పోతాయి. సముద్రం దగ్గరి ఊళ్ల వాళ్లు ఇది మనసులో పెట్టుకుని, చేతిలో ఒక సెల్‌ఫోన్ తప్పకుండా ఉంచుకోవాలి.

3. బాక్సు ఎక్కడ పెట్టాలో మీరే చెప్పండి

వైరింగ్‌కి వచ్చిన అబ్బాయి గుమ్మం పక్కన, అటక కింద, ఎక్కడ సులువైతే అక్కడ బిగించి వెళ్లిపోతాడు. మీకు కావలసింది ప్లగ్ పాయింట్ దగ్గర, పెద్దవాళ్ల మంచానికి దూరం కాని చోట, వాన చినుకు పడని గోడ. కింద యూపీఎస్ పెట్టడానికి చిన్న అర ఉండాలి.

ఫైబర్ తీగను మేకు చుట్టూ మడవకూడదు. మలుపు దగ్గర తీగ గుండ్రంగా తిరగాలి, ఆ గుండ్రం అడ్డంగా కొలిస్తే ఆరు సెంటీమీటర్లకు తగ్గకుండా చూడండి. మంచం కోడు కింద, తలుపు సందులో నలిగితే లోపలి గాజు పోగు విరుగుతుంది, పైకి ఏమీ కనపడదు. బయటి నుంచి వచ్చే కేబుల్‌లో బలం కోసం ఉక్కు తీగ ఉంటే దాన్ని ఇంటి బయటే ఆపించండి. పిడుగు పడే కాలంలో అది లోపలిదాకా రాకూడదు.

ఒక హెచ్చరిక. ఫైబర్ కొసను కంటికి ఎదురుగా పెట్టి "లైటు వస్తోందా" అని చూడకండి, పిల్లల్ని చూడనివ్వకండి. అందులోది కంటికి కనపడని లేజర్ వెలుగు.

4. పాత గోడ డబ్బాను విడదీయండి

ఇంట్లో రెండు మూడు గదులకు ఫోన్ వైరు ఉన్నవాళ్లు ఈ మెట్టు దాటెయ్యకండి.

పాత లైను ఇంట్లోకి వచ్చే చోట గోడకు చిన్న చదరపు తెల్ల డబ్బా ఉంటుంది. ఏళ్ల తరబడి ఎండకు పసుపు రంగుకు తిరిగి ఉంటుంది. మూత తీస్తే రెండు స్క్రూలు, వాటికి బయటి నుంచి వచ్చిన సన్నని తీగల జత, అక్కడి నుంచే లోపలి గదులకు వెళ్లే ఇంకో జత కనిపిస్తాయి. ఒక్కోసారి ఆకుపచ్చ తుప్పు పట్టి రెండూ ఒకటిగా అతుక్కుని ఉంటాయి.

పాత లైను కట్ అయిందని తెలిశాక, బయటి జతను స్క్రూల నుంచి విప్పి, రెండు కొసలకూ విడివిడిగా టేపు చుట్టి పక్కకు వదిలేయండి. లోపలి జతను అలాగే ఉంచండి. ఇప్పుడు ఫైబర్ బాక్సు ఫోన్ పోర్టు నుంచి ఒక వైరు తెచ్చి లోపలి సాకెట్లలో ఏదో ఒకదానికి పెడితే అన్ని గదుల ఫోన్లూ మోగుతాయి.

బయటి జత విప్పకుండా పెడితే ఎక్స్ఛేంజీ నుంచి వచ్చే 48 వోల్టులు, బాక్సు ఇచ్చే వోల్టేజీ ఒకే తీగ మీద ఢీకొంటాయి. బాక్సు ఫోన్ పోర్టు కాలిపోవచ్చు. పాత లైను ఇంకా నడుస్తుంటే దీని జోలికి వెళ్లకుండా, కొత్త ఫోన్‌ను నేరుగా బాక్సుకే తగిలించండి. మోగే సమయంలో పాత లైనులో వోల్టేజీ ఇంకా పెరుగుతుంది, ఒట్టి చేతులతో తాకితే జిల్లుమంటుంది.

రెండు మూడు ఫోన్లకు మించి పెట్టకండి. ఈ బాక్సులు అంతకు మించి మోగించలేవు. పాత బ్రాడ్‌బ్యాండ్ కోసం పెట్టిన చిన్న ఫిల్టర్ డబ్బాలు గోడకు ఉంటే తీసేయండి.

5. ఫోన్ పిన్ను సరైన చోట పెట్టండి

బాక్సు వెనక పెద్ద చదరపు రంధ్రాలు నాలుగు ఉంటే అవి కంప్యూటర్‌కి. పక్కన ఒకటో రెండో చిన్నవి, పైన టెల్ అనో ఫోన్ అనో పాట్స్ అనో రాసి ఉంటాయి. మీ ఫోన్ పిన్ను అక్కడికే. చిన్న పిన్ను పెద్ద రంధ్రంలో కూడా దూరుతుంది, అదే చిక్కు. అందులో పెడితే డయల్ టోన్ రాదు సరికదా, అంచు తీగలు వంగి ఆ రంధ్రం తర్వాత కంప్యూటర్‌కి కూడా పనికిరాకుండా పోతుంది.

చక్రం తిప్పే పాత ఫోన్ అంటే ఇష్టమై దాన్నే పెట్టుకుందామనుకునేవాళ్లూ ఉన్నారు. కాల్ వస్తే మోగుతుంది, మాట్లాడొచ్చు. కానీ చాలా బాక్సులకు ఆ చక్రం భాష అర్థం కాదు, నంబరు తిప్పితే వెళ్లదు. బటన్ల ఫోనుకి కింద టోన్, పల్స్ అని చిన్న స్విచ్ ఉంటే టోన్ వైపు పెట్టండి.

6. కరెంటు ఏర్పాటు

మొదట బాక్సు అడాప్టర్ మీద ఏం రాసి ఉందో చదవండి. ఎక్కువ బాక్సులకు 12 వోల్టులు, 1 లేదా 1.5 ఆంపియర్ ఉంటుంది. మినీ యూపీఎస్ కూడా 12 వోల్టులే ఇవ్వాలి, ఆంపియర్ అంతకు సమానమో ఎక్కువో ఉండాలి. టీవీ సెట్‌టాప్ బాక్సు అడాప్టర్ పిన్ను సరిపోయింది కదా అని పెట్టేయకండి. వోల్టేజీ తేడా అయితే బాక్సు పోతుంది.

ఎంతసేపు వస్తుంది? లెక్క సులువే. యూపీఎస్ మీద 8000 ఎంఏహెచ్, 3.7 వోల్టులు అని ఉంటే దాదాపు 30 వాట్ అవర్లు. మార్పిడిలో కొంత పోగా 25 మిగులుతాయి అనుకోండి. బాక్సు 8 వాట్లు వాడితే మూడు గంటలు. అంతకన్నా ఎక్కువ కావాలంటే పెద్ద యూపీఎస్ కొనండి, లేదా ఇన్వర్టర్ లైను మీద పెట్టండి.

కొన్ని ఇళ్లలో ఫైబర్ బాక్సు ఒకటి, వైఫై రౌటర్ వేరే ఒకటి ఉంటాయి. యూపీఎస్‌కి రౌటర్ తగిలించి ఫైబర్ బాక్సును గోడ ప్లగ్‌కే వదిలేస్తే ఫోన్ రాదు. ఫోన్ వైరు ఏ బాక్సులోంచి వస్తోందో అదీ, దానికి ముందున్నదీ, రెండూ బ్యాకప్ మీద ఉండాలి.

7. మనిషి వెళ్లకముందే పరీక్షించండి

కనెక్షన్ ఇచ్చిన అబ్బాయి సంతకం అడుగుతాడు. సంతకానికి ముందు ఇవి అతని ఎదురుగానే చూడండి.

బాక్సు మీద పవర్ లైటు, పాన్ అని రాసిన పచ్చ లైటు నిలకడగా వెలగాలి. ఎల్‌ఓఎస్ దగ్గర ఎర్ర లైటు వెలిగితే ఫైబర్‌లో వెలుగు రావడం లేదన్నట్టు. అతని దగ్గర వెలుగు బలం కొలిచే మీటరు ఉంటుంది, రీడింగ్ అడిగి రాసుకోండి. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే మంచిది. మైనస్ 27 ఉంటే ఇవాళ పనిచేసినా రేపు ఆగుతుంది, మళ్లీ జాయింట్ వేయమనండి.

రిసీవర్ ఎత్తి డయల్ టోన్ వినండి. మీ సెల్‌ఫోన్‌కి చేయండి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్‌లో మొబైల్ నంబరుకి ముందు సున్నా కొట్టాలి. ఫైబర్ ఫోన్‌కీ అదే. ఇది తెలియక "ఫోన్ పోవట్లేదు" అని కంప్లయింట్ పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సెల్‌లో ఏ నంబరు కనపడిందో చూడండి. అది మీ పాత నంబరేనా?

తర్వాత సెల్ నుంచి ఇంటికి చేయండి. శ్రీకాకుళం అయితే 08942, విజయనగరం అయితే 08922, ఆ తర్వాత ఆరు అంకెలు. అన్ని గదుల్లో మోగాలి. కనీసం రెండు నిమిషాలు మాట్లాడండి, ఇద్దరికీ వినిపించాలి. ఒకవైపే వినిపిస్తే అది బాక్సు సెట్టింగ్ లోపం, వాళ్లే సరిచేయాలి.

చివరగా మెయిన్ స్విచ్ ఆపండి. ఇల్లంతా ఆగాలి, ఫోన్ మాత్రం పలకాలి. మెయిన్ ఆపి పది నిమిషాలు ఉంచి మళ్లీ ఒక కాల్ చేసి చూడండి. కొన్ని ఇన్వర్టర్లు మారే క్షణంలో బాక్సు ఆగి మళ్లీ మొదలవుతుంది, ఫోన్ రావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అది అమ్మానాన్నలకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే టెన్షన్ పడతారు.

108కో 112కో పరీక్ష కోసం ఫోన్ చేయకండి, ఆ లైను ఎవరికో అవసరం ఉంటుంది. అయితే ఒకటి గుర్తుంచుకోండి. వాట్సాప్ కాల్‌తో 108కి ఫోన్ చేయలేరు. ఇంట్లో నెట్ ఉంది, వాట్సాప్ ఉంది, ఇక ఫోన్ ఎందుకని తీసేస్తున్నవాళ్లు ఇది ఆలోచించాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో డయాలసిస్‌కి వెళ్లే మనిషి ఉన్న ఇల్లయితే మరీ.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

రీసెట్ బటన్. బాక్సు వెనక సూది పట్టేంత రంధ్రం ఉంటుంది. నెట్ నెమ్మదించిందని యూట్యూబ్ చూసి పిల్లలు దాన్ని నొక్కుతారు. వైఫై పేరు మాత్రమే పోతుందనుకుంటారు, కానీ చాలా బాక్సుల్లో ఫోన్ సెట్టింగులు కూడా చెరిగిపోతాయి. అవి మీ దగ్గర ఉండవు, కంపెనీ వాళ్లు మళ్లీ వేయాలి. ఏదైనా ఆగితే ప్లగ్ తీసి, నిమిషం ఆగి, మళ్లీ పెట్టండి. అంతకు మించి చేయకండి. ఆ రంధ్రం మీద టేపు ముక్క అంటించినా మంచిదే.

ఇంకా వేగం కావాలని బజారులో కొత్త రౌటర్ కొని కంపెనీ బాక్సు తీసేయడం కూడా ఇలాంటిదే. ఫోన్ ఆ బాక్సులోంచే వస్తోంది. కొత్త రౌటర్‌ను దాని తర్వాత పెట్టుకోండి.

మాట తెగిపోతోందని పెద్ద ప్లాన్‌కి మారకండి. ఒక కాల్‌కి అటూ ఇటూ సెకనుకు వంద కిలోబిట్లు ఉంటే చాలు, అతి చిన్న ప్లాన్ కూడా దానికి ఎన్నో రెట్లు. తేడా వస్తే ఫైబర్ మలుపు, జాయింట్, ఫోన్ వైరు చూడండి. సెల్‌లో కంపెనీ యాప్ పెట్టుకుని ఇంటి నంబరు వాడుతుంటే మాత్రం వైఫై బలహీనంగా ఉండటమే కారణం కావచ్చు. టేబుల్ ఫోన్‌తో చేసి పోల్చి చూస్తే తెలిసిపోతుంది.

షాపుల వాళ్లకు: ఫ్యాక్స్ మిషన్, పాత కార్డు మిషన్, లిఫ్టులో ఎమర్జెన్సీ ఫోన్, దొంగల అలారం ల్యాండ్‌లైన్ మీద ఉంటే, మారే రోజే ఒక్కోదాన్నీ వాడి చూడండి. మాట బాగా వెళ్లే లైనులో ఫ్యాక్స్ సగంలో ఆగిపోవడం మామూలే.

తుపాను హెచ్చరిక వస్తే

యూపీఎస్ నిండా ఛార్జ్ చేసి ఉంచండి. కరెంటు పోయాక బాక్సును రోజంతా వెలిగించకండి. ఉదయం ఎనిమిదికి పావుగంట, సాయంత్రం ఆరుకి పావుగంట పెడతామని బయట ఉన్న పిల్లలకు ముందే చెప్పండి. మూడు గంటల బ్యాటరీ అలా వాడితే నాలుగైదు రోజులు వస్తుంది. ఉరుములు ఎక్కువగా ఉంటే ప్లగ్ తీసి యూపీఎస్ మీదే నడపండి. ఫైబర్‌లోంచి పిడుగు రాకపోయినా కరెంటు తీగలోంచి వస్తుంది. కరెంటు కంప్లయింట్ నంబరు 1912 ఫోన్ పక్కన రాసి ఉంచండి.

పాత లైను మూయించేటప్పుడు

పైవన్నీ సరిగా ఉన్నాయని తేలాకే మూసివేత దరఖాస్తు ఇవ్వండి. కట్టిన డిపాజిట్ వెనక్కి ఇమ్మని అందులోనే రాయండి, బ్యాంకు ఖాతా వివరాలు జతచేయండి, తీసుకున్నట్టు ముద్ర వేసిన కాపీ దగ్గర పెట్టుకోండి. అదే నంబరుతో ఫైబర్‌కి మారుతున్నవాళ్లకు రెండు లైన్లు ఒకేసారి ఉండవు. అలాంటప్పుడు పండగ ముందు రోజో శనివారం సాయంత్రమో మార్పు పెట్టుకోకుండా, పని రోజు ఉదయం పెట్టించండి. ఏదైనా తేడా వస్తే సాయంత్రంలోపు మనిషి మళ్లీ రాగలడు.

మీ ఊరికి ఫైబర్ ఇంకా రాకపోతే, లేదా కేబుల్ నెలకోసారి తెగుతుంటే, సిమ్ వేసే టేబుల్ ఫోన్ దొరుకుతుంది. చూడటానికి, పట్టుకోవడానికి ల్యాండ్‌లైన్ లాగే ఉంటుంది, లోపల బ్యాటరీ ఉంటుంది. పెద్దవాళ్లకు కొత్తగా నేర్పాల్సిన పని ఉండదు. కొనేముందు మీరు వేసే సిమ్‌కి 4జీ వాయిస్ పనిచేసే మోడలేనా అని అడగండి. పాత 2జీ మోడళ్లలో జియో సిమ్ పనిచేయదు. ఇంట్లో ఏ మూల సిగ్నల్ బాగుందో ముందు సెల్‌తో చూసి, ఆ మూలనే ఫోన్ పెట్టండి.